ఇంజనీరింగ్ గురించి విన్న మాటలను వెబ్ ఆప్షన్లకు ముందే సరిచూసుకోవడం ఎలా?

ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు వచ్చిన రోజు సాయంత్రానికే ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. మొదటి ప్రశ్న "ఎంతొచ్చింది?" అని. రెండో మాట సలహానే. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప ఇంకేదీ పెట్టొద్దంటారు ఒకరు. ఆ ఫోన్ పెట్టేసేలోపు ఇంకొకరు చేసి, ఏఐ వచ్చేసింది, కంప్యూటర్ల పని అయిపోయినట్టే అంటారు. ఇద్దరూ మీ మంచి కోరేవాళ్లే. అందుకే ఎవరి మాటా తీసెయ్యలేం.

నేను మెకానికల్ చదివాను. ఎందుకు తీసుకున్నానంటే, మా పెదనాన్న "మెకానికల్ ఎవర్‌గ్రీన్ రా" అన్నాడు కాబట్టి. ఆయన జీవితంలో ఒక్కసారైనా ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లలేదన్న సంగతి నాకు మూడో సంవత్సరంలో గానీ తట్టలేదు. బ్రాంచి మీద నాకు కోపమేమీ లేదు, ఇప్పటికీ దాని మీదే బతుకుతున్నాను. కానీ ఆ ఎవర్‌గ్రీన్ అంటే ఏమిటో అప్పుడు ఒక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేది.

కిందటేడు మా బాబాయి కూతురికి ర్యాంకు వచ్చినప్పుడు, కౌన్సెలింగ్ (ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచి ఆప్షన్లు పెట్టుకునే సీట్ల కేటాయింపు) మొదలయ్యేలోపు దొరికిన పది రోజుల్లో ఇద్దరం కూర్చుని ఒక పని చేశాం. విన్న ప్రతి మాటనూ ఎక్కడికి వెళ్తే సరిచూడొచ్చో అక్కడికి వెళ్లి చూశాం. మీరూ అలా చేయొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు, రెండు మూడు బస్సు టికెట్లు, కొంచెం మొహమాటం వదులుకోవడం, అంతే.

మొదటి పని: ఒక తెల్లకాగితం

కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీరు విన్న మాట. రెండో గడిలో ఎవరన్నారో. మూడో గడిలో వాళ్లకెలా తెలుసో. మా చెల్లి కాగితంలో పదకొండు మాటలు తేలాయి. కొన్ని చెప్తాను: "సివిల్ అంటే ఎండలో నిలబడటమే", "ఆడపిల్లలకి కోర్ బ్రాంచి (సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటివి) సరిపడదు", "ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) తీసుకుంటే రెండు వైపులా పనికొస్తుంది", "ఏ కాలేజీ అయితే ఏంటి, సీఎస్‌ఈ అయితే చాలు", "ప్యాకేజీ ఆరు లక్షలంటే నెలకి యాభై వేలు".

రెండో గడి చకచకా నిండింది. మూడో గడిలో తొమ్మిదింటికి ఏమీ రాయలేకపోయాం. ఆ తొమ్మిదీ అబద్ధాలని కాదు. ఆ మాటలు అన్నవాళ్లు కూడా ఎక్కడో విన్నవే మనకు చేరవేశారు.

రెండో పని: సిలబస్ తెరవండి

ఇంటర్‌లో రెండేళ్లు ఎంపీసీ పుస్తకాలు అరగదీసిన పిల్లలు కూడా తాము చేరబోయే బ్రాంచి సిలబస్ ఒక్కసారి కూడా చూడరు. జేఎన్‌టీయూ వెబ్‌సైట్లలో అన్ని బ్రాంచిల సిలబస్‌లూ పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఆ కాలేజీ అటానమస్ (సిలబస్ సొంతంగా పెట్టుకునేది) అయితే వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. మొదటి సంవత్సరం వదిలేయండి. లెక్కలు, సీ ప్రోగ్రామింగ్, డ్రాయింగ్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, కాస్త అటూ ఇటూగా అన్ని బ్రాంచిలకూ ఇవే. రెండు, మూడు సంవత్సరాల సబ్జెక్టుల పేర్లు చదవండి.

అక్కడే కొన్ని భ్రమలు వీడిపోతాయి. సీఎస్‌ఈ అంటే నాలుగేళ్లూ కోడింగే అనుకుంటాం. తీరా చూస్తే డిస్క్రీట్ మ్యాథ్స్, ఆటోమేటా థియరీ, కంప్యూటర్ ఆర్గనైజేషన్ ఉంటాయి. లెక్కల నుంచి తప్పించుకోవచ్చని సీఎస్‌ఈ తీసుకున్నవాళ్లకి ఆటోమేటా దగ్గర దిమ్మ తిరుగుతుంది. అలాగే సీఎస్‌ఈ, సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌ఈ డేటా సైన్స్ సిలబస్‌లు పక్కపక్కన పెట్టి, ఉమ్మడి సబ్జెక్టుల మీద టిక్కులు పెట్టుకుంటూ పోండి. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటూ మా లెక్కలో సగానికి పైగా టిక్కులు పడ్డాయి. పేరు చివర ఆ రెండు అక్షరాల కోసం మంచి కాలేజీ వదులుకుని ఊరు చివరి కాలేజీకి పోవడం నా దృష్టిలో నష్టపు బేరం.

ఈసీఈ అటు ఎలక్ట్రానిక్స్‌కీ ఇటు సాఫ్ట్‌వేర్‌కీ, రెండు వైపులా పనికొస్తుందన్న మాట నిజమే. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలంటే సీఎస్‌ఈనే చదవాలన్న రూలెక్కడా లేదు. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్‌లో చదివారు. కానీ ఆ రెండో వైపు ఊరికే రాదు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్ వేవ్స్ పాసవుతూనే కోడింగ్ సొంతంగా నేర్చుకోవాలి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ డిజైన్ ఆఫీసులున్నాయి, ఆ పని మీద ఆసక్తి ఉంటే ఈసీఈ మొదటి వరస బ్రాంచే. సీఎస్‌ఈ రాలేదు కాబట్టి ఈసీఈ అనుకుంటే మాత్రం నాలుగేళ్లూ పరాయి ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

సిలబస్ పేర్లు చూసి ఏమీ అర్థం కాలేదా? ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. డేటా స్ట్రక్చర్స్, సిగ్నల్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఈ మూడింటిలో మొదటి పాఠం ఒక్కొక్కటి చూడండి. అర్థం కావాలని కాదు. ఎక్కడ ఫోన్ పక్కన పెట్టేశారు, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ విన్నారు అన్నది గమనించుకోండి. మా చెల్లి సిగ్నల్స్ పాఠంలో పన్నెండో నిమిషానికి నిద్రపోయింది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో దూలం ఎందుకు వంగుతుందో చెప్పేచోట రెండుసార్లు వెనక్కి వెళ్లింది. అది సివిల్, మెకానికల్ వాళ్లు చదివే సబ్జెక్టు. అది చూసి బాబాయి మొహం మాడిపోయింది.

మూడో పని: ఆ పని చేసేవాళ్లని ఒక రోజు చూడండి

అన్నింటికన్నా ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి. నా మాట వింటే మిగతావి కాస్త తగ్గించినా పర్లేదు.

నా ఫ్రెండ్ ఒకడు కోకాపేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంజనీరు. శ్లాబ్ వేసే రోజు చెల్లిని తీసుకెళ్లాను. పొద్దున ఆరున్నరకే వాడు సెంట్రింగ్ మీద తిరుగుతూ, డ్రాయింగ్ చేత్తో పట్టుకుని, ఊచల మధ్య దూరం టేపుతో కొలుస్తున్నాడు. ఒకచోట ఊచలు ఎడంగా కట్టారని మేస్త్రీని పిలిచి విప్పించాడు. ఎనిమిదింటికి మొదటి రెడీమిక్స్ లారీ వచ్చింది. కొంచెం కాంక్రీటు కిందికి తీయించి, అడుగు ఎత్తు ఇనుప కోన్‌లో మూడు విడతలుగా పోసి, కడ్డీతో కూరి, కోన్ మెల్లగా పైకెత్తాడు. కాంక్రీటు ఎంత కిందికి జారిందో కొలవడమే స్లంప్ టెస్ట్. ఆ లారీ బాగానే ఉంది. అందులోంచి పదిహేను సెంటీమీటర్ల అచ్చుల్లో ఆరు క్యూబులు పోయించాడు, ఏడో రోజు మూడు, ఇరవై ఎనిమిదో రోజు మూడు మిషన్‌లో పెట్టి నలిపి బలం చూస్తారు.

రెండో లారీ దగ్గర కోన్ ఎత్తగానే కాంక్రీటు పెరుగన్నంలా పరుచుకుపోయింది. దారిలో నీళ్లు కలిపారని వాడి అనుమానం. వెనక్కి పంపేయమన్నాడు. డ్రైవర్ గొడవ, కాంట్రాక్టర్ ఫోన్, "ఒక్క బండికేంటి సార్" అని బతిమాలడాలు. ముప్పావు గంట నలిగి చివరికి లారీ వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు బస్సులో చెల్లి అడిగింది, "అన్నయ్యా, లెక్కలు ఎప్పుడు వేస్తారు?" అని. లెక్కలు ఎప్పుడో ఆఫీసులో ఎవరో వేశారు. ఆ లెక్క పేపరు మీద నుంచి శ్లాబులోకి చెడిపోకుండా దిగేలా చూడటం వీడి పని. ఇంజనీరంటే లెక్కలతోనే బతుకుతాడని ఆమె అనుకుంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. జీతంలో సగం మనుషులతో మాట్లాడినందుకు, అందులో సగం "కుదరదు" అన్నందుకు.

ఎండలో నిలబడటం నిజమేనా అంటే నిజమే. అయితే సివిల్ చదివినవాళ్లందరూ ఎండలోనే ఉండరు. బిల్డింగ్ డిజైన్ చేసేవాళ్లు ఏసీ గదిలో స్క్రీన్ ముందు ఉంటారు. ప్రభుత్వంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) అయితే రోడ్డు మీద సగం రోజు, ఎం-బుక్కులు (చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకాలు) రాస్తూ సగం రోజు. మరో పక్క సాఫ్ట్‌వేర్ అంటే ఏసీలో హాయిగా కూర్చోవడం అనుకుంటాం కదా, సపోర్ట్ ప్రాజెక్టులో పడ్డవాడిని అడగండి. అమెరికా పగలు మనకు రాత్రి. అర్ధరాత్రి రెండింటికి టికెట్ (క్లయింట్ నుంచి ఫిర్యాదు) వస్తే లేవాల్సిందే. ఇక నా సంగతంటారా, ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్‌లో ఏ, బీ, సీ అని మూడు షిఫ్టుల్లో పనిచేసిన రెండేళ్లలో ఏ పూట తింటున్నది టిఫినో భోజనమో తెలిసేది కాదు.

సైట్‌కో ఫ్యాక్టరీకో వెళ్లే వీలు లేకపోతే ఫోన్ చేయండి. ఒక చిన్న జాగ్రత్త. "జాబ్ ఎలా ఉందన్నా?" అని అడగొద్దు. "బానే ఉంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?" అని అడగండి. పది గంటలకి మీటింగ్, పదకొండుకి ఎవడో రాసిన పాత కోడ్ చదవడం, మధ్యాహ్నం ఎక్సెల్ షీటు, నాలుగింటికి క్లయింట్ కాల్... అసలు ఉద్యోగం ఆ జవాబులో ఉంటుంది. చేరి రెండు మూడేళ్లయినవాళ్లని అడిగితే మంచిది. పదిహేనేళ్లు దాటినవాళ్లకి మొదటి ఉద్యోగం జ్ఞాపకంలో తియ్యగా మారిపోయి ఉంటుంది.

ఆడపిల్లలకి కోర్ వద్దన్న మాట చెల్లి కాగితంలో మూడు పేర్ల కింద ఉంది. దానికి నా జవాబు ఒకటే. మద్రాసులోని తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత, పద్దెనిమిదేళ్లకే భర్త పోయి చేతిలో నెలల పిల్ల ఉండగా, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. అది 1940ల మొదట్లో. తర్వాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. ఆమెతో పాటు అదే కాలేజీలో సివిల్ చదివిన పి.కె. త్రేసియా 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్‌కి చీఫ్ ఇంజనీర్ అయ్యారు. అప్పట్లో అడ్డురాని ఎండ ఇప్పుడెందుకు అడ్డొస్తోందని బాబాయిని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సైట్‌లో బాత్రూములుంటాయా?" అన్నాడు. మంచి ప్రశ్న. చాలాచోట్ల సరిగ్గా ఉండవు. అది బ్రాంచి తప్పు కాదు గానీ, తెలుసుకునే వెళ్లాలి.

నాలుగో పని: ప్యాకేజీని విప్పి చూడండి

ఫ్లెక్సీల మీద ఫోటో పక్కన కనపడే లక్షలు సీటీసీ. అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. ఒక నమూనా లెక్క వేద్దాం. సీటీసీ 6,00,000 అనుకోండి, అందులో బేసిక్ సగం, అంటే నెలకు 25,000.

కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, ఏడాదికి 36,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, 14,430. ఇది సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తే గానీ చేతికి రాదు. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) 60,000, ఇన్సూరెన్స్ 10,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే 4,79,570. పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 39,960. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 36,760 దాకా. యాభై వేలు ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు పోగా ఇంటికి ఎంత పంపగలరో ఇప్పుడు లెక్క వేసుకోండి. ఆఫర్ లెటర్లో బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది కూడా చూసుకోవాలి.

మార్కెట్ గురించి ఒక్క మాట. ఈ రోజు ఏ బ్రాంచికి గిరాకీ ఉందో చూసి చేరతాం, బయటికొచ్చేది నాలుగేళ్ల తర్వాత. 2005లో సాఫ్ట్‌వేర్ ఊపు చూసి చేరినవాళ్లు 2009లో బయటికొచ్చారు. చాలామంది చేతిలో ఆఫర్ లెటరుంది, జాయినింగ్ డేట్ లేదు. ఏఐ వల్ల సీఎస్‌ఈ పని అయిపోయిందనేవాళ్లకీ, ఏఐ చదివితే తిరుగులేదనేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. సిలబస్ దగ్గర మీకు నిద్ర వచ్చిందా లేదా అన్నదే నాకు ఇంకాస్త నమ్మదగిన ఆధారంగా కనిపిస్తుంది.

ఐదో పని: కాలేజీని కాగితాల్లో పట్టుకోండి

"వంద శాతం ప్లేస్‌మెంట్స్" అన్న బోర్డు చూసి నేను చేరిన కాలేజీలో, ఒకే కుర్రాడికి వచ్చిన మూడు ఆఫర్లు మూడు ఉద్యోగాలుగా లెక్కలోకి వచ్చాయి. బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవాళ్లు అసలు లెక్కలోనే లేరు. అది ఆఖరి సంవత్సరంలో తెలిసింది.

ఇప్పుడు ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు పెట్టే కాలేజీలు తామిచ్చిన వివరాలను తమ సైట్‌లోనే ఉంచాలి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, జీతాల్లో మీడియన్ ఎంత అని ఉంటుంది. మీడియన్ అంటే అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ వరసలో మొదటివాడి జీతం. మీరు ఎవరి పక్కన నిలబడే అవకాశం ఎక్కువో చూసుకోండి. కాలేజీవాళ్లు సొంతంగా ఇచ్చిన అంకెలే గనక కొంచెం అనుమానంతోనే చదవండి, అయినా ఫ్లెక్సీ కన్నా నయం.

న్యాక్, ఎన్‌బీఏ రెండూ చదువు నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా. మీరు చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఎప్పటిదాకా ఉందో అడగండి. తర్వాత ఒక పని దినం సాయంత్రం నాలుగింటికి ఆ కాలేజీ బస్‌స్టాప్‌లో నిలబడండి. మూడో సంవత్సరం వాళ్లని రెండే ప్రశ్నలు అడగండి. ల్యాబ్‌లో ఒక్కో మిషన్‌కి ఎంతమంది? ఈ సెమిస్టర్‌లో ఏదైనా సబ్జెక్టుకి సార్ లేకుండా ఎన్ని వారాలు గడిచాయి? బస్సు ఫీజు, సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ శిక్షణ) ఫీజు లాంటివి ట్యూషన్ ఫీజుకి పైన ఎంత అవుతాయో కూడా అక్కడే తెలుస్తుంది.

బీటెక్ ఒక్కటే దారి అన్నది ఇంకో మాట. పాలిటెక్నిక్ చదివినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరుతున్నారు, పని చేతికి వచ్చాక చేరతారు కాబట్టి చాలాసార్లు మనకన్నా చురుగ్గా ఉంటారు. బీటెక్ అయ్యాక కూడా గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్‌కీ, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉద్యోగాలకీ పనికొస్తుంది. యూపీఎస్‌సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ విభాగాల్లో మాత్రమే ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగం కల ఉన్న ఇంట్లో ఈ సంగతి ముందే తెలియాలి.

ఆఖరి పని: ఆప్షన్లు పెట్టడం

కిందటి ఏడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ (ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే జాబితా) కౌన్సెలింగ్ సైట్‌లో దొరుకుతుంది. అందులో మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా అన్న గడినే చూడాలి. కంగారులో పక్క గడి చూసి బెంబేలెత్తిపోయేవాళ్లు చాలామంది.

ఎక్కువ ఆప్షన్లు పెడితే చెడ్డ సీటు వస్తుందన్నది అపోహ. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తుంది. కాబట్టి రాదేమో అనుకున్నవీ, మీకు నిజంగా ఇష్టమైతే, పైనే పెట్టండి. పోయేదేమీ లేదు. చేరనే చేరం అనుకున్న కాలేజీని మాత్రం అట్టడుగున కూడా పెట్టొద్దు, వచ్చేస్తుంది.

తర్వాతి విడతలో ఇంకో జాగ్రత్త. చేతిలో ఉన్న సీటు కన్నా మెరుగైనవి అనుకున్నవే పెట్టాలి. అక్కడ ఏదొస్తే అదే మీది, పాత సీటు వెంటనే ఇంకొకరికి వెళ్లిపోతుంది. తిరిగి రాదు. తెలంగాణలో ఈ మధ్య మాక్ కేటాయింపు (అసలు సీట్లకు ముందు వేసే నమూనా) కూడా చూపిస్తున్నారు, అది చూశాక వరస మార్చుకునే అవకాశం ఉంటే వాడుకోండి.

నెట్ సెంటర్‌లో పెడుతుంటే ఆప్షన్లు ముందే కాగితం మీద కాలేజీ కోడ్‌లతో సహా రాసుకుని వెళ్లండి. పాస్‌వర్డ్ మీరే కొట్టండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, "నేను చూసి పెడతాలే" అన్నా సరే. ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందు ఒకరు చదువుతుంటే ఇంకొకరు కాగితంతో సరిచూడండి. మా దగ్గర బాబాయి చదివాడు, చెల్లి టిక్కులు పెట్టింది. పదిహేడో లైన్ దగ్గర ఒక కోడ్ తప్పు పడింది, దిద్దుకున్నాం. మొదటి ఆరు ఆప్షన్లూ సివిల్. బాబాయి వాటిని కొంచెం మెల్లగా చదివాడు గానీ, చదివాడు.